పులసకు నేను చేసిన గుహ

నేను ఎబొనైటు కలాన్ని. గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని కోసూరి వెంకటరత్నంగారు 1932లో రాజమండ్రిలో మొదలుపెట్టిన రత్నం పెన్నుల బిడ్డను. నన్ను కొన్నది ఓ బడిపంతులుగారు. ముప్పై ఏళ్ళు నాలో ఎర్రసిరా పోసి పిల్లల తప్పులు దిద్దారు. ఆయన రిటైరయ్యాక బీరువాలో ఎండిపోయి పడున్నాను.

కూతురి పిల్లలు డల్లాస్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో "బాగున్నారా?" అంటే "ఫైన్ తాతయ్యా" అనేవారు. అక్కడితో మాటలు అయిపోయేవి. ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు కుర్చీలోంచి లేచేవారు కాదు.

ఓ రాత్రి నన్ను తీసి గ్లాసుడు నీళ్ళలో నానబెట్టారు. పాత సిరా వదిలి నీళ్ళు వరదగోదారిలా ఎర్రబడ్డాయి. కాసేపు అలాగే చూశారు. డ్రాపరుతో నల్లసిరా పోసి రాయడం మొదలుపెట్టారు. ఎర్రనీళ్ళకు ఎదురీదే ఓ పులస చేప, దాని వెంట ధవళేశ్వరం నుంచి పడవలో ఇద్దరు పిల్లలు. 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన మీద అర్ధరాత్రి కూత వినబడింది. అక్కడ ఆపేసి, పేజీలు ఫొటో తీసి, పిల్లలకు చదివి వినిపించమని కూతురికి పంపారు.

మర్నాడు ఇక్కడ తెల్లారి ఆరున్నర, అక్కడ రాత్రి ఎనిమిది. ఫోను మోగింది. మొదటిసారి పిల్లలే చేశారు!

"తాతయ్యా, రైళ్ళు రావన్నావుగా, మరి కూసిందెవరు?"

అప్పట్నుంచి ప్రతి వారం కథే. పట్టిసీమ దాటి పాపికొండలు చేరాం. సిరా తగ్గినప్పుడు నాకో జబ్బుంది: చేతి వేడికి కడుపులో గాలి వ్యాకోచించి సిరాను బయటికి తోసేస్తుంది. సరిగ్గా కొండల మధ్య పెద్ద మచ్చ కక్కాను. రెండు మాటలు మునిగిపోయాయి. ప్రాణం చచ్చిపోయింది నాకు. ఆయన కాగితం చింపలేదు. మచ్చ చుట్టూ రాళ్ళు గీసి, పక్కన పెద్ద అక్షరాలతో 'గుహ' అని రాశారు. పులసను అందులోకి పంపారు. తెలుగు చదవడం రాని మనవడు ఫోనులో మచ్చ మీద వేలుపెట్టి, కూడబలుక్కుని చదివిన తొలి తెలుగు మాట అదే.

ఈ జులైలో పిల్లలొచ్చారు. తాతయ్య నిద్రపోతుండగా మనవడు నన్ను పిడికిట్లో బిగించి, సగంలో ఉన్న కథ కింద రాశాడు: "పులస బైటికి ఒచింది."

లేచాక ఆయన అది రెండుసార్లు చదువుకున్నారు. తప్పు దిద్దలేదు. డ్రాపరు తెచ్చి, నన్ను నిండా నింపి, మళ్ళీ వాడి చేతికే ఇచ్చారు.