ఈశాన్యం పల్లం

ప్రొద్దుటూరులో బంగారం తూచే త్రాసుకు అద్దాల గది ఉంటుంది. ఫ్యాను గాలికి చివరి అంకె కదిలినా కొనేవాడు ఒప్పుకోడు, అమ్మేవాడూ ఒప్పుకోడు. అలాంటి ఊళ్లో, అలాంటి అంగడి ఆసామి ఒకాయన ఎండాకాలం సెలవులకు మనవళ్లు వస్తున్నారని ఆన్‌లైన్‌లో ఈత తొట్టి తెప్పించి, ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబెట్టబోయాడు. జాగా వాలు మూడంగుళాలు. మూడంగుళాలేం లెక్క, సర్దుకుంటుందిలే అన్నాడు.

తొట్టి కొన్నందుకు ఆయన్ను తప్పుపట్టలేం. పెన్నలో ఈత నేర్పిద్దామంటే ఎండాకాలంలో ఇసుకలో నేర్పించాలి. పైన మైలవరంలో నీళ్లు వదిలితే తప్ప ఏరు ఏరులా కనపడదు.

తొట్టి 15 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, గుండ్రంగా ఉంది. మూడున్నర అడుగులు నింపితే 17 వేల లీటర్ల పైమాటే. అంటే 17 టన్నులు. దాన్ని మోసేది నీలం రంగు ప్లాస్టిక్ గుడ్డ కాదు, దాని కిందున్న నేల. నేల ఎంత వాలినా నీళ్లు మాత్రం సమంగానే నిలబడతాయి. కాబట్టి పల్లం వైపు నీళ్లు ఎత్తు వైపు కంటే మూడంగుళాలు లోతుగా, అంచుకు అంత దగ్గరగా నిలుస్తాయి. పల్లం వైపు తొట్టి పైపు కాళ్లు రోజుకింత బయటికి జరుగుతాయి.

బేల్దారి మేస్త్రీ వచ్చి, సన్నటి పైపులో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు మూలల పెట్టి మట్టం చూశాడు.

"ఎత్తు చెక్కాల సామీ. పల్లంలో మన్ను పోస్తే నిలవదు. ఇది రేగడి. తడిస్తే ఉబ్బుతాది, ఎండితే నెర్రెలిస్తాది."

"ఎత్తు చెక్కేదానికి లేదబ్బా. అది నైరుతి."

మేస్త్రీ మాట్లాడలేదు.

"నైరుతి ఎత్తుండాల, ఈశాన్యం పల్లముండాల. ఇల్లు కట్టేటప్పుడు ట్రాక్టర్లతో మన్ను తోలించి ఎత్తు చేయించినాం. ఇప్పుడు చెక్కుతానంటావా?"

నిజానికి ఎత్తుగా ఉన్నదాన్ని చెక్కే అలవాటు మనకు ఎక్కడుంది? పల్లంగా ఉన్నదాని మీద ఏదో ఒకటి పోసి, పైన నున్నగా చేయడమే మనకు తెలిసిన చదును. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ, ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే ఇళ్లలోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి పోతున్నాం. వానొస్తే వీధి నీళ్లు కూడా మనతోపాటే దిగుతాయి.

అడుగు చూసుకునేవాళ్లూ లేకపోలేదు. పులివెందుల వైపు చీనీ తోటల్లో నీటికుంట తవ్వే రైతును చూడండి. 500 మైక్రాన్ల షీటు పరిచేముందు కుంట అడుగున ఒక్కో రాయీ, ఒక్కో వేరూ ఏరిస్తాడు. మన్ను దిమ్మిస కొట్టిస్తాడు. షీటు అంచులు కాలువ తీసి పూడుస్తాడు. కారిపోయేది తన పంట నీళ్లు కాబట్టి ఎవరూ చెప్పకుండానే ఆ జాగ్రత్త వస్తుంది. అడుగున ఏముందన్న ప్రశ్న పెద్దవాళ్ల చెరువులకూ తప్పలేదు. తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు గురించి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అదే అడుగుతూ వచ్చారు.

మన ఆసామి మాత్రం మధ్యేమార్గం పట్టాడు. నైరుతి ముట్టుకోలేదు. ఈశాన్యంలో నాలుగు తట్టల ఇసుక పోయించి, దాని మీద పాత ఫ్లెక్సీ పరిపించాడు. ఎన్నికలప్పటి ఫ్లెక్సీ. నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఆయన చెంప కింద కంకర రాయొకటి ఉబ్బెత్తుగా ఉంది. గడ్డం కింద తుంగ ఉంది. పైన కోసేస్తే పోయిందనుకున్నారు గానీ, తుంగ బతుకంతా లోపలి గడ్డలో ఉంటుంది. దాని మొలక కొస సూదిగా ఉంటుంది, ప్లాస్టిక్‌ను లెక్కచేయదు. వారం తిరిగేసరికి నాయకుడి గడ్డాన్ని, ఆపైన తొట్టి అడుగునున్న నీలి రంగు టైల్సు బొమ్మను గుచ్చుకుని నీళ్లలోకి పచ్చగా తలెత్తింది. పిల్లలు దాన్ని చూసి మురిసిపోయారు.

ఊరిన నీళ్లకు ఇసుక జారింది, రేగడి మెత్తబడింది, కాళ్లు దిగబడ్డాయి. ఒక మిట్టమధ్యాహ్నం, పిల్లలు అన్నానికి లోపలికి పోయిన వేళ, తొట్టి ఒక పక్కకు ఒరిగి తెగింది. 17 టన్నుల నీళ్లు పక్కింటావిడ ఎండబెట్టిన వడియాలను చాపలతో సహా తీసుకుపోయాయి. ఆవిడ ఆసామిని, ఆసామి తొట్టి అమ్మినవాణ్ని తిట్టారు. వాస్తు సిద్ధాంతి ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. "నీళ్లు ఈశాన్యంగానే కదా పోయినాయి? ఇంటికి మంచిదే," అన్నాడు.

దాంతో ఆసామికి ధైర్యమొచ్చింది. కొత్త తొట్టికి ఆర్డరు పెట్టి మేస్త్రీని మళ్లీ పిలిపించాడు. ఈసారి మిద్దె మీదట. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 ప్రకారం లెక్కేసే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. మూడున్నర అడుగుల నీళ్లు అదే చదరపు మీటరు మీద 1,000 కిలోలు దాటుతాయి. మేస్త్రీ ఆ పుస్తకం చదవలేదు గానీ, ఆ మిద్దెకు ఎంత కమ్మి వేశాడో ఆయనకు తెలుసు.

"నేల సమంగా లేకపోతే పోనీలే, మిద్దె సమంగానే ఉంటాది కదప్పా?"

"బరువు సంగతి అట్లుండనీ సామీ. మిద్దెకూ వాలు పెట్టినాం, వాననీళ్లు పోయేదానికి."

"యా పక్కకు?"

"మీరు చెప్పిన పక్కకే. ఈశాన్యానికి."