బండి స్టార్ట్ అయితలేదా? పన్నెండు పక్కా చిట్కాలు

పొద్దున్నే బండి మొరాయించగానే చాలామంది గాబరాపడి పెట్రోల్ చూస్తారు, ప్లగ్గు విప్పుతారు, ఫ్యూజు వెతుకుతారు. పది నిమిషాల్లో బండి లేస్తుంది. ఇక డ్యూటీకి పోక తప్పదు. ఏం సాధించినట్టు? మొరాయించిన బండి ఇంటి ముందుకు నడిచొచ్చిన సెలవు. దాన్ని చేజేతులా పోగొట్టుకోవద్దు. పైగా చిన్న రిపేరుకు లోకంలో విలువ లేదు. "ప్లగ్గు తుడిచిన" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఇంజన్ పని పడ్డది" అంటే వాడంతా వచ్చి అయ్యో అంటుంది, అప్పులోళ్లు కూడా వాయిదా ఇస్తారు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఎండకు, చలికి, దుమ్ముకు, వానకు సరిపోయేలా ఈ చిట్కాలు కూర్చాం. వరుస తప్పకుండా పాటించండి.

1. ముందు ఫోన్ చేయండి, ఆ తర్వాతే బండిని చూడండి.

బండిని ముందు చూస్తే కారణం కనబడుతుంది. కారణం తెలిసినంక నోట అబద్ధం సాఫీగా రాదు. కాబట్టి మంచం మీదనే ఫోన్ అందుకోండి. "సార్, బండి లేస్తలేదు, ఇంజన్ల ఏదో సప్పుడొస్తుంది" అనండి. పంక్చర్ అని మాత్రం అనొద్దు, దానికి ఎంతసేపు పడుతుందో సార్‌కు కూడా తెలుసు. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్ 6 బండైతే "సెన్సార్ పోయింది" అనండి. ఆ బళ్లలో సెన్సార్లు చాలా ఉంటాయి, ఏది పోయిందని ఎవరూ అడగలేరు. నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 15, ఏపీ 01 ఉన్నవాళ్లు సెన్సార్ మాట ఎత్తొద్దు, "బోరుకొచ్చింది" అనండి. సింగరేణిలో మస్టర్ పడదని బెంగ పెట్టుకోకండి. మస్టర్లు ముందు ముందు చాలా పడతాయి, ఇంత మంచి సాకు మళ్లీ దొరకదు.

2. కుడి హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ జోలికి పోకండి.

పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కి పోతారు. నొక్కి ఉన్నంతసేపు ఎంత కొట్టినా ఇంజన్ లేవదు. అది అలాగే ఉండనీయండి. సైడ్ స్టాండు కూడా తీయకండి. చాలా కొత్త బళ్లు స్టాండు దించి గేరులో పెడితే స్టార్ట్ కావు. న్యూట్రల్ పచ్చలైటు వెలుగుతోందా అని అడిగే మనుషులను దగ్గరికి రానీయొద్దు. ఇలాంటి పైసా ఖర్చు లేని కారణాలను మొదట్లోనే వదిలిపెడితే మిగిలేవన్నీ ఖర్చున్న కారణాలే.

3. పెట్రోల్ ముల్లును నమ్మండి.

ముల్లు సగం చూపిస్తే సగం ఉన్నట్టే. అది పోయిన సంక్రాంతి నుంచి అక్కడే ఉన్నా సరే, నమ్మకం సడలొద్దు. ట్యాంకు ఊపి గలగల వినొద్దు. పాత బండి అయితే రిజర్వ్ చెవి తిప్పొద్దు. ట్యాంకు మూత సరిగ్గా బిగించే పనీ పెట్టుకోకండి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని లాగుతుంది, నీళ్లు ఎక్కువైతే దాన్ని పట్టుకొని ట్యాంకు అడుగుకు చేరుతుంది. మూత సందులోంచి వానకాలం నీళ్లు దిగుతుంటే మీ పని తేలికే. తప్పంతా బంకోడి మీద వేయండి.

4. సెల్ఫ్ బటన్ మీద వేలు పెట్టాక తీయకండి.

బండితో ఇచ్చే పుస్తకంలో 5 సెకన్లకు మించి నొక్కొద్దు, కాసేపు ఆగి మళ్లీ నొక్కమని ఉంటుంది. ఆగడం ఎందుకు? మీ బొటనవేలికి వచ్చిన నొప్పి ఏం లేదు. బండిలో కరెంటును అందరికంటే ఎక్కువ తాగేది సెల్ఫ్ మోటారే. అలా నొక్కుతూ పోతే గిర్రుమనే సప్పుడు కాస్తా టక్ టక్ అవుతుంది. ఇక బ్యాటరీ దిగినట్టే. నిండుగా ఉన్న బ్యాటరీ దగ్గర దగ్గర 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 కిందికి పడితే దాదాపు ఖాళీ. మల్టీమీటర్ పెడితే ఈ సంగతి నిమిషంలో బయటపడుతుంది కాబట్టి ఎవరి దగ్గరా మల్టీమీటర్ అడగొద్దు. హారన్ కూడా కొట్టొద్దు. అది నీరసంగా మూలిగితే పక్కింటోళ్లకు కూడా జబ్బు తెలిసిపోతుంది.

5. చలికాలాన్ని, ఎండాకాలాన్ని పూర్తిగా వాడుకోండి.

ఆదిలాబాద్, తిర్యాణి, సిర్పూర్‌ యు వైపు కొన్ని ఏళ్లు డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగుతుంది. ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది. కార్బురేటర్ బండికి చోక్ లాగి కిక్కు కొడితే సరిపోయేది. మీరు చోక్ ముట్టకుండా యాక్సిలరేటర్ గట్టిగా పది సార్లు తిప్పండి. తర్వాత కోపం తీరా కిక్కు కొట్టండి. ప్లగ్గు పెట్రోల్‌లో మునుగుతుంది. ఘాటైన వాసన వస్తే ఆపకుండా ఇంకో పది కొట్టండి.

ఎండాకాలం మరీ సులువు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే లోపల నీళ్లు ఆవిరవుతాయి. డిస్టిల్డ్ వాటర్ సీసా కొనడం దండగ. బోరు నీళ్లు పోయండి. మన బోర్లలో ఉప్పు, సున్నం కావలసినంత ఉంటాయి, ప్లేట్లకు పట్టుకొని బ్యాటరీని త్వరగా ముగిస్తాయి.

6. ఎయిర్ ఫిల్టర్ మూత ఎన్నడూ తెరవకండి.

గోదావరిఖని ఓపెన్‌కాస్టుల బొగ్గు దుమ్ము, రాజీవ్ రహదారి మీద లారీల దుమ్ము, ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి బళ్లు వచ్చే రోజుల్లో నూగు దుమ్ము. ఇన్నీ ఉచితంగా వచ్చి ఫిల్టర్‌లో పేరుకుంటాయి. గాలి అందక ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. మరీ ఇబ్బందైతే ఫిల్టర్ పీకి పారేయండి. బండి ఒక వారం హుషారుగా ఉరుకుతుంది. ఆ తర్వాత దుమ్ము నేరుగా బోరులోకి పోయి రింగులను అరగదీస్తుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

7. ప్లగ్గును చూడొద్దు, బిగించండి.

విప్పి చూస్తే ప్లగ్గు అంతా చెప్పేస్తుంది. లేత గోధుమ రంగుంటే ఇంజన్ బాగున్నట్టు, నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, తడిగా ఉంటే పెట్రోల్‌లో మునిగినట్టు. తుడిచి, సందు 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర సరిచేస్తే బండి లేచి కూర్చుంటుంది. ఈ గండం తప్పించుకోవాలంటే ప్లగ్గు పానాకు పైపు తొడిగి బలం కొద్దీ బిగించండి. హెడ్డు అల్యూమినియంది, మరలు తేలిగ్గా కోసుకుపోతాయి. వందల్లో పోయే ప్లగ్గు పని హెడ్డు పనికి ఎదుగుతుంది.

8. నీళ్లలో ఆగిన బండిని అక్కడే స్టార్ట్ చేయండి.

వానకాలం రోడ్డు మీది నీళ్లలో బండి ఆగిపోతే తెలివిలేనివాళ్లు ఒడ్డుకు నెట్టుకొచ్చి, ప్లగ్గు విప్పి, కిక్కు కొట్టి లోపలి నీళ్లు బయటికి చిమ్మిస్తారు. మీరు నిలబడ్డచోటనే సెల్ఫ్ కొట్టండి. గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్లు అణగవు. పిస్టన్ పైకొచ్చి నీటికి గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ పూర్తిగా విప్పాల్సిందే. నెల రోజుల సెలవుకు ఇంతకంటే గట్టి కారణం దొరకదు.

9. నూకే పని ఇతరులకు అప్పజెప్పండి.

గేర్ల బండిని రెండో గేరులో పెట్టి నూకి, క్లచ్ వదిలితే స్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి గేర్లు లేని స్కూటీని ఎంచుకోండి. దాని చక్రం ఎంత తిరిగినా ఇంజన్ తిరగదు. ఆ ముచ్చట ఎవరికీ చెప్పకుండా చౌరస్తాలో నలుగురు పోరగాళ్లను పిలవండి. మీరు సీటు మీద కూర్చోండి. "ఇంకొంచెం జోరుగ నూకుర్రి తమ్మీ, అందుకుంటుంది" అంటూ ఉండండి. ఇంటి దాకా అలాగే చేరుకోవచ్చు.

10. పూజ చేయిస్తే సర్వీసింగ్ అవసరం లేదు.

కొత్త బండిని కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకుపోయి, పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించండి. ఇక ఆయిల్ మార్చే బాధ్యత మీది కాదు, అంజన్న చూసుకుంటాడు. ఎప్పుడైనా బండి మొరాయిస్తే కోతులు వైరు పీకినయని చెప్పండి. మన జిల్లాల్లో ఈ మాటను కాదనేవాడు ఉండడు. అసలు కారణం ఫ్యూజు కావచ్చు. దాని డబ్బాలోనే చాలా బళ్లకు స్పేర్ ఫ్యూజు కూడా ఉంటుంది. అందుకే ఆ డబ్బా తెరవొద్దు.

11. మెకానిక్‌కు సగమే చెప్పండి.

ఎప్పుడు ఆగింది, ఏ సప్పుడొచ్చింది, నీళ్లలో దిగిందా అని అడుగుతాడు. "నిన్నటిదాకా మంచిగనే ఉండె అన్నా" అని ఊరుకోండి. ఆయన వెతుక్కుంటాడు, మీరు చాయ్ తాగండి. సగం విప్పినంక పక్క వీధి మెకానిక్‌ను తీసుకొచ్చి చూపించండి. ఆయన మొదటాయనను తిడతాడు, మొదటాయన ఈయనను తిడతాడు. ఈ లొల్లిలో రెండు నట్లు, ఒక వాషర్ మాయమవుతాయి. మీ తప్పు అసలు చర్చకే రాదు. బిల్లు అడిగితే "దసరాకు ఇస్తా" అనండి. ఏ దసరా అన్నది చెప్పొద్దు.

12. బండి లేని రోజుల లాభాలను లెక్కపెట్టి వసూలు చేసుకోండి.

బండి అప్పు అడిగేవాళ్లు రారు. పెళ్లిళ్లకు చదివింపులు తప్పుతాయి. ఇంట్లో ఆడవాళ్లను దింపి రావాల్సిన పని లేదు, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద వాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మీకు కావలసినప్పుడు బామ్మర్ది బండి ఉండనే ఉంది. "గంటల తెస్తా బావా" అని ఆయనే చెప్పినా తాళం ముందు మీరు తీసుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకు ఎండబెట్టి ఇవ్వండి. రేపు అది మొరాయిస్తే పై పదకొండు చిట్కాలు ఆయనకు ప్రేమగా నేర్పించండి.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఆర్నెల్లలో మీ బండి వేపచెట్టు కింద స్థిరపడుతుంది. సీటులో ఎలుకలు కాపురం పెడతాయి. బ్యాటరీ మొదట పోతుంది, తర్వాత టైర్లు, ఆఖరుకు రిజిస్ట్రేషన్ గడువు. పాత ఇనుము కొనేవాడు వచ్చినప్పుడు బేరం ఆడకుండా తూకానికి ఇచ్చేయండి. వచ్చిన డబ్బును డౌన్ పేమెంటుగా కట్టి ఫైనాన్స్‌లో కొత్త బండి దించండి. షోరూంలోనే దాని పుస్తకం తీసి ఎవరికైనా ఇచ్చేయండి. కిస్తీ మొదలయ్యే నెలలో మొదటి ఫోన్ సార్‌కు వెళ్లాలి.