పసుపులో సగం పని నాది

నేను ఈ-కోలి అనే బ్యాక్టీరియాని. తాగే నీళ్లు కలుషితమైనప్పుడల్లా పత్రికల్లో నా పేరు వస్తుంది. మా వంశంలో జబ్బు చేసే శాఖలున్న మాట నిజమే. కానీ మాలో ఎక్కువమందిమి మనిషి పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికేవాళ్లమే. నేనుండేది దమ్మాయిగూడలో, ఒక ఇల్లాలి పెద్దపేగులో.

ఆమె పుట్టగానే వాళ్లమ్మ నుంచి మా వాళ్లు ఆమెలోకి వచ్చారు. అప్పుడా పసిపేగులో కాస్త ఆక్సిజన్ ఉండేది. అది తగిలితే బతకలేని సూక్ష్మజీవులు చాలా ఉన్నాయి. మేం ముందుగా చేరి ఆ ఆక్సిజన్‌ని వాడేసి, వాటికి చోటు చేశాం. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు తింటూ బైఫిడోబాక్టీరియా పెరిగింది. ఆ తర్వాత వందల రకాలు వచ్చి చేరాయి.

రాత్రిపూట ఆమె జొన్నరొట్టె, పప్పు తింటుంది. వాటిలో పీచు చిన్నపేగులో అరగదు, నేరుగా మా దగ్గరికే వస్తుంది. దాన్ని విరగ్గొట్టడం నాకు చేతకాదు. ఆ పని తెలిసిన పొరుగువాళ్లు దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థం తయారుచేస్తారు. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్య ఇంధనం. దాన్ని మండించడానికి ఆ కణాలు ఆక్సిజన్‌ని వాడుకుంటాయి కాబట్టి పేగులోకి అది అట్టే రాదు. ఆక్సిజన్ దొరికితే విచ్చలవిడిగా పెరిగే మా జాతి అందువల్లే అదుపులో ఉంటుంది. ఆమె ఆరోగ్యానికి అదే మంచిది.

ఇక పప్పులో వేసిన పసుపు సంగతి. దానికి ఆ రంగునిచ్చే కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, రక్తంలోకి వెళ్లేది బహు తక్కువ. మిగిలింది నా దాకా వస్తుంది. నా దగ్గర ఒక ఎంజైము ఉంది. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించి కర్‌ఏ అని పేరు పెట్టారు. అది కర్కుమిన్‌కి రెండు అంచెల్లో హైడ్రోజన్‌ని చేర్చి టెట్రాహైడ్రోకర్కుమిన్‌గా మారుస్తుంది. ఆ మార్పుతో పసుపు రంగు పోతుంది. పసుపు కూడా మమ్మల్ని ఉన్నట్టు ఉండనివ్వదు. కర్కుమిన్ పెట్టిన ఎలుకల పేగుల్లో లాక్టోబాసిల్లస్ వర్గం పెరగడం పరిశోధకులు చూశారు.

ఒకసారి ఆమె జలుబుకి డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ కొని వేసుకుంది. జలుబు తెచ్చింది వైరస్. మందు దెబ్బ పడింది మా మీద. పీచు తినే పొరుగువాళ్లలో ఎందరో పోయారు. బ్యుటిరేట్ తగ్గింది, ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. మందు మానేశాక, మళ్లీ రొట్టె, పప్పు, మజ్జిగ తింటూ ఉంటే కొద్దికొద్దిగా కోలుకున్నాం.

యాంటీబయాటిక్‌లు చెడ్డవని నేననను. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1948లో వెలుగు చూసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎన్నో ప్రాణాలు నిలిపింది. మాకు దగ్గర్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త మంజులా రెడ్డి మా జాతి మీదే పరిశోధన చేశారు. మా కణం పెరగాలంటే దాని గోడను ముందు కొన్ని ఎంజైములు కోయాలని ఆమె బృందం చూపింది. కొత్త మందులకు దారి చూపగల ఆ కృషికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. అలాంటి మందుల్ని అవసరమైన రోజుకి దాచుకోవాలి.

మళ్లీ తిండి సంగతికి వస్తే, దానిమ్మ తిన్న అందరిలోనూ యూరోలిథిన్ అనే పదార్థం తయారుకాదు. దాన్ని చేసే సూక్ష్మజీవులు కొందరి పేగుల్లోనే ఉంటాయి. అలాగే ఒకే పప్పు తిన్న ఇద్దరికి ఒకే ఫలితం రాకపోవచ్చు. పసుపు సారం మాత్రలు కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: గుణం పసుపులోనే కాదు, దాన్ని మార్చే మాలోనూ కొంత ఉండొచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మొదటి సూచన రకరకాల ఆహారం తినమనే. జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు కంచంలో ఉంటే మా వాళ్లందరికీ తిండి దొరుకుతుంది. మేం బాగుంటే మీరు తిన్న పసుపు మరింత బాగా పనికి రావచ్చు.