ఉడకని పప్పు

విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్న గృహస్థుణ్ణి. ఒకటో తారీకున అద్దె కట్టేది నేనే. ఆ ఇంట్లో దగ్గడానికి మాత్రం నాకు వేళలు పెట్టారు. దానిమీదే ఈ మొర.

తగవు మొదలైంది ఐఐఎం సీటుకని మావాడు రాసిన క్యాట్ ఫలితాల రోజున. "82 వచ్చింది" అన్నాడు. మార్కులనుకుని కిలో బూందీ లడ్డు తెచ్చి రెండంతస్తులూ పంచేశాను. పంచాక చెప్పాడు, అది పర్సెంటు కాదు, పర్సంటైలని. రాసినవాళ్ళలో నూటికి 82 మంది వీడి వెనకున్నారట. బాగానే ఉందిగా అన్నాను. "ముందెంతమందో లెక్కేయి నాన్నా" అన్నాడు. 2024 క్యాట్ రాసినవాళ్ళు సుమారు 2.93 లక్షలు. వేళ్ళు మడిచి చూస్తే వీడి ముందు యాభై రెండు వేల పైచిలుకు తేలారు. దసరాల్లో దుర్గమ్మ కొండ కింద లైనులో వీడెక్కడున్నాడో అప్పుడర్థమైంది. పంచిన లడ్డూలు వెనక్కి అడగలేంగదా!

మళ్ళీ రాస్తానన్నాడు. ఎన్నిసార్లైనా రాయొచ్చట. పోనీ వీడు కోరేది అమెరికా కాదు, గంభీరం. 2015లో మొదలైన విశాఖ ఐఐఎం అక్కడుంది. ఆ ఊరి పేరుకు తగ్గట్టే అప్పట్నించీ ఇంటిల్లిపాదీ గంభీరంగా ఉంటున్నాం.

పరీక్షలో మూడు భాగాలు. ఇంగ్లీషు, పట్టికలూ పొడుపుకథలూ, లెక్కలు. ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకటి అయిపోతే మళ్ళీ వెనక్కి పోయే వీల్లేదు. పోయినసారి వీడికి మధ్యాహ్నం పన్నెండున్నర పూట పడింది కాబట్టి ప్రతి ఆదివారం సరిగ్గా ఆ టైముకే మాక్ పరీక్ష పెట్టుకుంటాడు. ఆ రెండు గంటలూ కుక్కరు కూయకూడదు, మిక్సీ తిరగకూడదు, టీవీలో బొమ్మ కదలాలిగానీ నోరెత్తకూడదు. ముందే వండెయ్యవే అంటే, "వారానికొక్కరోజు ఆలస్యంగా లేవనివ్వండి" అంటుంది మా ఆవిడ. అందుకని పప్పు గిన్నెలో ఉడుకుతుంది. ఉడుకుతుందని మేం అనుకుంటాం. కందిపప్పుకి ఈ 40 నిమిషాల లెక్క తెలీదు.

రెండు గంటల పరీక్షకి నాలుగు గంటల పోస్టుమార్టం. నా పాత డైరీ ఒకటి లాక్కుని, తప్పు చేసిన ప్రతి ప్రశ్ననీ దాంట్లోకి ఎక్కిస్తాడు. తెలియక తప్పితే ఒక గడి, తొందరపడి తప్పితే ఒక గడి, మొండికేసి తప్పితే ఒక గడి. మూడో గడిలో గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగుర్ని కూర్చోబెట్టే చిక్కు ఒకటుంది. దానిమీద 19 నిమిషాలు తగలేశాడట. ఆరుగురూ కుదురుగా కూర్చోలేదు, మార్కులూ రాలేదు. "ఈ మొండితనం ఎవరి పోలికో" అంటూ మా ఆవిడ నావైపు చూసింది. నేను కిలో వంకాయల మీద ఐదు రూపాయల కోసం అరగంట బేరమాడి, ఆఖరి బస్సు తప్పిపోతే ఆటోకి ఎనభై పోసింది ఒకే ఒక్కసారి. ఆవిడ దాన్నింకా మోస్తోంది.

ఇప్పుడు వీడు తక్కువ ప్రశ్నలు ముట్టుకుంటున్నాడు, మార్కులు పెరుగుతున్నాయి. ఇదేం న్యాయమండీ? మా ఆఫీసులో పని తగ్గిస్తే ఇంక్రిమెంటు కోసేవాళ్ళు.

అసలు గాయం మొన్న తగిలింది. కళ్ళజోడు వెతుక్కుంటూ ఆ డైరీ తెరిచాను. మొదటి పేజీలో పోయినేటి అసలు పరీక్ష లెక్క ఉంది. 22 లెక్కల్లో 17 ముట్టుకున్నాడు. ఏడు ఒప్పు, పది తప్పు. ఒప్పుకి మూడు, ఆప్షన్లున్న ప్రశ్నల్లో తప్పుకి మైనస్ ఒకటి, వదిలేస్తే సున్నా. ఆ పదీ ఆప్షన్లున్నవే. 21లోంచి 10 పోగా మిగిలింది 11. ఆ పది తప్పులకీ ఎదురుగా, కారణం అన్నచోట, ఒకే మాట పది వరసల్లో: నాన్న.

గుర్తొచ్చింది. పరీక్షకి వెళ్తుంటే ఆటోలో నేనే చెప్పాను. "విస్తట్లో మెతుకు వదలకూడదు, పేపర్లో ప్రశ్న వదలకూడదు. తెలియకపోతే ఏదో ఒకటి పెట్టెయ్యరా" అని. మా తమ్ముడి కూతురు ఎంబీఏ సీటుకి రాసే ఐసెట్‌లో 200 ప్రశ్నలూ నింపొచ్చి సీటు కొట్టింది మరి. అక్కడ తప్పుకి కోత లేదు. క్యాట్‌లో ఉందని నాకెవరు చెప్పారు?

అందుచేత మహాజనులకు నేను మనవి చేసుకునేదేమంటే, దగ్గడానికి వేళలు పెట్టినా సరే, డైరీలో నా పేరు మాత్రం కొట్టేయించండి.

నిన్న ఆదివారం మాక్ అయ్యాక రెండున్నరకి భోజనాలకి కూర్చున్నాం. పప్పు పళ్ళకింద పలుకుపలుకుగా తగిలింది. జన్మలో మొదటిసారి కంచంలో దాన్ని ఓ పక్కకి నెట్టి, మజ్జిగ పోసుకున్నాను.

మావాడు చూసి, "మంచి పని చేశావు నాన్నా. వదిలేస్తే మైనస్ లేదు" అన్నాడు.

వాళ్ళమ్మ మొహం చూస్తే, ఉంటుందనే అనిపించింది.