రైలు రాని ఊళ్ళో గూడ్సు బండి కట్టడం ఎలా?

ఇబ్రహీంపట్నంలో రైల్వే స్టేషను లేదు. పట్టాల్లేవు, గేటు లేదు, గేటు పడిందని తిట్టుకునే భాగ్యమూ లేదు. ఉన్నవల్లా సాగర్ రోడ్డు, ఆర్టీసీ డిపో, కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు, ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలు. అందుకే పాత గూడ్సు పెట్టెల మీద పరిశోధన చేసి, వాటి నమూనాలు కట్టుకోవడానికి ఇంతకన్నా అనువైన ఊరు నాకు కనిపించలేదు. అసలు పెట్టె కళ్ళెదుట ఉంటే మనం చేసినదానికి వంకలు పెట్టేందుకు నలుగురు తయారవుతారు. ఇక్కడ ఆ బెడద లేదు. పదేళ్ళుగా ఈ పనిలో మునిగి ఉన్నవాణ్ణి. నేర్చుకున్నదంతా దాచుకోకుండా చెబుతున్నాను, పాటించండి.

మొదటిది: "ఇబ్రహీంపట్నంలో వ్యాగన్లకేం కొదవ!" అని ఎవరైనా అంటే, ఏ ఇబ్రహీంపట్నం అని అడక్కండి. నేను అడగలేదు. మూడు ఆదివారాలు తెల్లారగట్ల లేచి మా చెరువు కట్ట మీద కెమెరా పట్టుకుని నిలబడ్డాను. కొంగల ఫొటోలు చక్కగా వచ్చాయి. నాతో ఆ మాట అన్నాయన చెప్పింది బెజవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం సంగతని తర్వాత తెలిసింది. అక్కడ నార్ల తాతారావు థర్మల్ స్టేషనుకు బొగ్గు రేకులు, అంటే పూర్తి గూడ్సు బండ్లు, వస్తాయి. దగ్గర్లోనే రాయనపాడులో రైల్వే వారి వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. పెట్టెల పిచ్చి ఉన్నవాడికి అది కాశీ. ఆ పిచ్చి ఉన్నవాడు మాత్రం రంగారెడ్డి జిల్లాలో పుట్టాడు.

నమూనా పెట్టెలకు బుల్లి చక్రాలు తెప్పించుకునేటప్పుడు కూడా ఇదే సూత్రం. చిరునామాలో జిల్లా పేరు, పిన్‌కోడు రాసి చోటు వృథా చేయకండి. నా చక్రాల పొట్లం ముందు బెజవాడ ఇబ్రహీంపట్నం చూసింది, ఆ తర్వాత జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం చూసింది, ఆఖరికి నా దగ్గరికి వచ్చింది. నా బండి గోడ మీది అర దిగి ఎక్కడికీ పోలేదు గాని, దాని చక్రాలు మాత్రం రెండు రాష్ట్రాలు తిరిగాయి.

ఇక చదువు. చదివితే ఇంజన్ల గురించే చదవండి. ఇంజనుకు పొగ ఉంటుంది, కూత ఉంటుంది, పక్కన నిలబడి ఫొటో దిగితే బంధువులు మెచ్చుకుంటారు. గూడ్సు పెట్టెకు ఏముంది? పెట్టె జోలికి పోతే మనసు పాడవుతుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాళ్ళు పట్టాడనీ, 1874లో వాడీ నుంచి సికింద్రాబాదు దాకా పడిన నిజాం రైలు దారి 1889 కల్లా వరంగల్లు, డోర్నకల్లు మీదుగా బెజవాడ చేరిందనీ, గనుల కోసమని డోర్నకల్లు నుంచి ఇల్లెందు వైపు ఒక కొమ్మ లైను చీలిందనీ చదివామనుకోండి. లాగింది ఇంజనే అయినా ఆ కొమ్మ వేయించింది బొగ్గు పెట్టె కాదా అని అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టినవాడికి నిద్ర పట్టదు.

మ్యూజియాల జోలికీ, పాత స్టేషన్ల జోలికీ పోవద్దు. 1916 నాటి కాచిగూడ స్టేషను మనకు బస్సు దూరమే. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం ఉంది. బొమ్మ రైళ్ళ కోసం పుణెలో జోషీ గారి మ్యూజియం ఉంది. వెళితే టేపు పెట్టి కొలవాలనిపిస్తుంది. కొలిస్తే ఇంట్లో చేసినదంతా విప్పాలి.

పెట్టెలన్నీ ఒకటే అని గట్టిగా నమ్మండి. బాక్స్‌ఎన్, బీసీఎన్, బీటీపీఎన్ అంటూ రైల్వే వాళ్ళు రాసే అక్షరాలు పిల్లలు బలపం దొరికినప్పుడు గోడ మీద రాసేవాటి లాంటివే. 'బీ' అంటే బోగీ మీద నిలబడిన ఎనిమిది చక్రాల పెట్టె అనీ, 'సీ' అంటే పైకప్పు ఉన్నదనీ, 'ఓ' అంటే లేనిదనీ, చివరి 'ఎన్' ఎయిర్ బ్రేకుకు గుర్తనీ, మీటరు గేజి పెట్టెకు ముందు 'ఎమ్' తగిలించేవారనీ తెలుసుకుంటే ఏమవుతుందో చెప్పనా? బీబీనగర్ మీదుగా నడికుడి వైపు పాసింజరులో పోతుంటే కిటికీలోంచి ఎదురు బండి చదవడం మొదలుపెడతారు. పక్కాయన పలకరిస్తే పలకరు. నేను ఒక పెళ్ళిచూపుల ప్రయాణంలో అలాగే చేశాను. అటువైపు వాళ్ళు పిల్లవాడి పెదమామకు చెవుడని రాసుకున్నారట.

నెంబరు విషయంలో మాత్రం నా పద్ధతి ఎంతో సులువు. ఇప్పటి వ్యాగను మీద పదకొండు అంకెలుంటాయి. మొదటి రెండూ పెట్టె రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ తయారైన సంవత్సరం, పిదప నాలుగు వరస సంఖ్య, చివరిది ముందు పదీ సరిగా రాశారో లేదో పట్టిచ్చే అంకె. ఇంత గొడవ మనకెందుకు? నా సెల్ నెంబరు ముందు సున్నా చేరిస్తే సరిగ్గా పదకొండు వచ్చాయి. పెట్టెలన్నిటికీ అదే వేశాను, పోతే తెచ్చిస్తారని. ఒక కుర్రాడు, మా పక్క కాలేజీలో మెకానికల్ చదివేవాడు, ఐదో ఆరో అంకెలు చూసి, "అంకుల్, ఈ పెట్టె 2049లో తయారైందా?" అన్నాడు. వాడిని మళ్ళీ ఇంటికి పిలవలేదు.

కాలం సంగతి పట్టించుకోకండి. నా బండిలో నిజాం కాలపు బొగ్గు, 1980ల తర్వాతి పెట్టెలు, ఇప్పటి కరెంటు ఇంజను హాయిగా కలిసి ఉంటాయి. పాత నాలుగు చక్రాల పెట్టెకు రెండు పక్కలా బఫర్లు, నడుమ మర తిప్పి బిగించే గొలుసు ఉండేవి. ఇప్పటివాటికి పిడికిలి పట్టినట్టు ఒకదాన్నొకటి కరుచుకునే నడిమి కప్లింగు. నేను రెంటికీ సూది దారం కట్టాను. లాగితే తెగుతుంది, కాబట్టి లాగను.

తెలిసినవాళ్ళను అడగకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటాడు. కాజీపేట వైపు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. (2022 నుంచి గార్డు అనకూడదు, ట్రైన్ మేనేజరు అనాలి. ఆయన ముందు అని చూడండి!) ఒకసారి చాయ్ హోటల్లో పొరపాటున ఆయన పక్కన కూర్చున్నాను. పాత పెట్టెల ఇరుసు డబ్బాల గురించి ఎత్తుకున్నాడు. వాటిలో నూనెలో నానబెట్టిన నూలు చెత్త కూరేవాళ్ళట. నూనె ఆరితే ఇరుసు కాగేది. "హాట్ యాక్సిల్ పగటి పూట ముక్కుకు తెలుస్తది, రాత్రి పూట కండ్లకు తెలుస్తది బిడ్డా. వంపు తిరిగెటప్పుడు బ్రేకు వ్యాను నుంచి మెడ బయటికి వెట్టి సూస్తుండె. నడుమల ఏడనో ఎర్రగ బీడీ కొస లెక్క కనవడితె ఇగ పానం ఆగకపోతుండె." చెబుతూ ఆయన నిజంగానే మెడ పక్కకు వంచాడు, కళ్ళు చిట్లించాడు. చాయ్ మీద మీగడ కట్టింది. గంటంబావు పోయింది. ఇలాంటివి నోటుబుక్కులో రాసుకుంటే పుస్తకాల్లో దొరకని సరుకు అవుతుంది కాబట్టి నేను రాసుకోలేదు. మీరూ రాసుకోకండి. ఇంకొన్నేళ్ళకు చెప్పేవాళ్ళే ఉండరు, సమస్య దానంతటదే తీరిపోతుంది.

రంగు నిగనిగలాడాలి. కాచిగూడలో ఒకసారి ప్లాట్‌ఫారం పక్క లైనులో ఆగి ఉన్న పెట్టెను చేయి చాపు దూరం నుంచి చూశాను. చూసి ఉండాల్సింది కాదు. దాని ఒంటి మీద ఇటుక ఎరుపు, కాఫీ గోధుమ, తడి మట్టి రంగు, మసి అన్నీ ఉన్నాయి. కింది అంచున రేకు తిని చిల్లులు పడితే వేరే ముక్క వేసి వెల్డింగ్ చేశారు. ఆ ముక్క ఒక్కటే కొత్త పెళ్ళికొడుకులా ఉంది. ఓవర్‌హాలింగ్ తేదీ ఒకటి కొట్టేసి పైన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. "సీసీ ప్లస్ 8 ప్లస్ 2" అన్న తెల్ల అక్షరాలు: రాసిన బరువు కన్నా ఎంత ఎక్కువ ఎత్తవచ్చో చెప్పే లెక్క అది. వీటన్నిటి కింద సుద్దముక్కతో ఎవరో గీసిన మూడంకెలు, సగం వానకు కారిపోయి. ఇంత మురికి నా షోకేసులోకి రావడానికి వీల్లేదు. ఇంటి గేటుకు కొట్టగా మిగిలిన ఎనామిల్ రెండు కోటింగులు కొట్టాను. నా పెట్టెలిప్పుడు లిప్‌స్టిక్ డబ్బాల్లా మెరుస్తున్నాయి.

ఇక్కడ ఒక్క మాట సూటిగా చెప్పాలి. చెక్కా రంగూ చెడితే మళ్ళీ చేసుకోవచ్చు. నెంబరు కనిపించలేదని పట్టాల మీదికి దిగకండి. రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆగి ఉంది కదా అని పెట్టె మీదికి మాత్రం ఎక్కనే ఎక్కకండి. పైన తీగలో 25,000 వోల్టులుంటాయి, తాకక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు. ఈ ఒక్క విషయంలో తప్పుడు సలహా ఇవ్వడం నా చేత కాలేదు.

మళ్ళీ పనిలోకి వద్దాం. స్కేలు. బజారులో దొరికే విదేశీ నమూనాలు ఎక్కువగా అసలులో 87వ వంతు, వాటి పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, అంటే అదే కొలతలో 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడాకు నిద్ర మానుకునే మహానుభావులు దేశంలో ఉన్నారు, పట్టాలు కూడా చేత్తో కట్టుకుంటారు. మనం కొన్నవే వేద్దాం. మన బండి సన్న కాళ్ళ మీద నిలబడ్డ గేదెలా కనిపిస్తుంది. ఏం, గేదె కాదా?

పొడుగు మాత్రం ముందుగా లెక్కేయకండి. బాక్స్‌ఎన్ పెట్టె 10.7 మీటర్లు, రేకుకు 58. చిన్నదిగా చేసినా ఏడు మీటర్లు దాటుతుంది, ఇరవైమూడడుగుల పైన. మా హాలు పద్నాలుగు అడుగులు. ఈ కూడిక నేను పెట్టెలన్నీ చేశాక వేశాను. గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు చెక్క అర కొట్టించి పేర్చితే ఇంజనూ, ముప్ఫై రెండు పెట్టెలూ పట్టాయి. మిగతా ఇరవై ఆరూ మంచం కింద చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి. అర చివర నాలుగు వేళ్ళ జాగా మిగిలింది, బండి చివర గార్డు ఉండే బ్రేకు వ్యాను పట్టలేదు. అది ఖాళీ డబ్బానే కదా, సరుకు మోయదు కదా, దాన్నీ మంచం కిందికే తోశాను. మీరూ అలాగే చేయండి.

మొన్న ఉగాదికి పచ్చడి ఇద్దామని ఆ పెద్దాయన ఇంటికొచ్చాడు. పిలవలేదు, పండగ కాబట్టి తప్పలేదు. బండి చూశాడు. ఎరుపు రంగును ఏమీ అనలేదు. సూదిదారాన్ని ఏమీ అనలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజను దగ్గర నుంచి ఒక్కో పెట్టెనూ చూసుకుంటూ, పెదవులు కదిలిస్తూ, నెమ్మదిగా ఆ చివరికి నడిచాడు. ముప్ఫై రెండో పెట్టె దగ్గర ఆగాడు. ఆఖరి పెట్టెకు తగిలించే ఎల్‌వీ పలక కోసమో, తోక దీపం కోసమో వెతికాడు. గోడ మూల వైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. నేను కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"కూసోండి పెదనాయినా, అంతే బండి."

"అంతే అంటె ఎట్ల బిడ్డా? ఆఖరి పెట్టె ఇంక రాలె గదా. సగం బండి నడుమల ఇడిసివెట్టి వొస్తె ఎనక బండికి లైన్ క్లియర్ ఎట్లిస్తం?"

పచ్చడి గిన్నె చేతిలోనే ఉంది. మా ఆవిడ మంచం కిందికి వంగి చెప్పుల డబ్బాలు ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలుపెట్టింది.