శునకజనకుడు: ఎలమంచిలి రకం

ఎలమంచిలిలో కుక్కను పెంచేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకంవాడి కుక్క అరుగు కింద పడుకుంటుంది, మిగిలిన అన్నం తింటుంది, ఒంట్లో బాగోకపోతే కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తవ్వుకుని అందులో పడుంటుంది, తగ్గితే లేచి మళ్ళీ మొరుగుతుంది. దాని వైద్యం ఖర్చు సున్నా కాబట్టి దాని యజమాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. చెప్పుకోవలసింది రెండోవాడి గురించి. ఇతని కుక్కకు జాతి ఉంటుంది, పుట్టినరోజు ఉంటుంది, ఆ పుట్టినరోజుకు మెయిన్‌రోడ్డు బేకరీలో చెప్పి చేయించిన కేకు ఉంటుంది. ఇతణ్ణి శునకజనకుడు అనవచ్చు. కుక్క దగ్గర తన గురించి 'డాడీ' అనే చెప్పుకుంటాడు గనుక ఇతనికీ ఆ మాట మీద అభ్యంతరం ఉండదు.

శునకజనకుడు ఈ ఊరికి కొత్త. వరి, చెరకు, సరుగుడు, పాడిగేదెల మీద బతికిన ప్రాంతంలో జంతువుకు లెక్క కట్టడం పసిపిల్లలకు కూడా వచ్చిన విద్య. గేదె ఎన్ని లీటర్లిస్తుంది, ఎన్నో ఈత, మందుకు ఎంతవుతుంది, అమ్మితే ఎంతొస్తుంది అన్నవి చూసుకుని రైతు వైద్యం చేయిస్తాడు, లేదా మానుకుంటాడు. అచ్యుతాపురంలో సెజ్ వచ్చి, బట్టల కంపెనీలూ మందుల కంపెనీలూ నెలజీతాలివ్వడం మొదలుపెట్టాక, పాలివ్వని జంతువును కూడా పోషించగల వర్గం ఒకటి తయారైంది. షిఫ్టు డ్యూటీ ఇంజినీరు, రోడ్డు పక్క స్థలం అమ్మి డాబా కట్టినవాడు, బ్యాంకు ఉద్యోగి, పిల్లలు అమెరికా వెళ్ళిపోయిన రిటైర్డు మాస్టారు అందులోని వాళ్ళే. వీళ్ళెవరికీ పైన చెప్పిన లెక్క పనిచేయదు. ఖర్చు కథంతా అక్కడే మొదలవుతుంది.

పిల్లను ఎంచుకోవడంలో శునకజనకుడు చూసేది అందం ఒక్కటే. 2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ కుక్క పిల్లాడి వెనకాల నడిచింది మొదలు, ముక్కు చప్పిడిగా ఉన్న ఆ జాతికి తెలుగునాట గిరాకీ పెరిగింది. ఆ ముక్కుతో వేసవిలో ఊపిరాడటం కష్టమన్న సంగతి ప్రకటనలో లేదు. సైబీరియా మంచులో బండి లాగడానికి పెంచిన హస్కీని తెచ్చి, సముద్రపు ఉక్కపోతలో ఏసీ గదిలో పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో ముసలావిడకు ఫ్యాను, కుక్కకు ఏసీ. కొనేటప్పుడు మాత్రం గంటసేపు బేరమాడతాడు. వాట్సాప్‌లో ఫొటో పంపినవాడు పదిహేను వేలంటే ఎనిమిదికి దింపి, ఏడు వేలు ఆదా చేశానని ఇంటికొచ్చి చెప్తాడు. అమ్మినవాడు దిగింది టీకాల ఖర్చు మేరకేనన్నది అప్పటికి ఇతనికి తట్టదు.

పిల్లకు బ్రూనో అనో, రాకీ అనో, లియో అనో పేరు పెడతారు. ఇంటిల్లిపాదీ తెలుగువాళ్ళే అయినా కుక్కతో ఇంగ్లిషే. "సిట్ రా బ్రూనో, సిట్! నో బయటింగ్!" అని ఇంటి యజమాని అంటే, "దానికి తెలుగొస్తాదిరా, నీకే ఇంగిలీషు రాదు" అని తల్లి వంటింట్లోంచి అంటుంది. ఆవిడ అభిప్రాయాలు ఈ విషయంలో మొదటినుంచీ స్పష్టం. "కుక్కకి డాక్టరేటిరా? మీ తాత కాలంలో కుక్కలకి జబ్బులే లేవు." తాత కాలంలో చచ్చిపోయిన కుక్కపిల్లల లెక్క ఎవరూ రాయలేదు గనుక ఆ మాటను కాదనడం కష్టం.

టీకా కార్డు అనేది శునకజనకుడి జీవితంలో ఆలస్యంగా ప్రవేశించే వస్తువు. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించాలి. అక్కణ్ణుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇతను మొదటిది వేయిస్తాడు, ఫొటో తీసి స్టేటస్ పెడతాడు. రెండోదానికి వచ్చేసరికి, ఆడుకుంటూ బాగానే ఉంది కదా, ఈ నెల ఎల్‌ఐసీ కట్టాలి, వచ్చే నెల చూద్దాం అనుకుంటాడు. ఆ సందులోనే పార్వో వస్తుంది.

పార్వో వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా కుక్కల్లో బయటపడింది. పొద్దున అన్నం ముట్టదు, మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి నెత్తురు విరేచనాలు. దాన్ని చంపే మందంటూ వాడుకలో లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, వేరే సూక్ష్మక్రిములు పైబడకుండా యాంటీబయాటిక్ ఇస్తూ, పేగు తనంతట తాను కోలుకునేదాకా పిల్లను బతికించి ఉంచడమే వైద్యం. అంటే రోజులకు రోజులు, సీసాలకు సీసాలు. పైగా ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. ఒక పిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే ఇంకో పిల్లను తెచ్చి, అదే గోనెసంచి మీద పడుకోబెట్టి, రెండోసారీ అదే బిల్లు కట్టినవాళ్ళు ఈ రకంలో మరీ ముదుర్లు.

జబ్బు పడగానే శునకజనకుడు డాక్టరు దగ్గరికి పోడు. ముందు ఎదురింటి బావగారు వస్తారు. "పసుపు, వాము కలిపి తాగించు బావా, సరిపోద్ది." తర్వాత మందుల షాపు కుర్రాడు. మనిషికి ఏ మాత్ర ఇస్తాడో దానిలో సగం విరిచి ఇస్తాడు, బరువును బట్టి అని. పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను చెడగొడుతుంది. సగం మాత్ర ఐదు రూపాయలే కాబట్టి శునకజనకుడి చేతిలో చవకగా జరిగిన ఏకైక వైద్యం ఇది. దాని ఫలితాన్ని సరిచేయడం ఆ తర్వాతి బిల్లులో ఉంటుంది.

మూడో మజిలీ ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. ఫీజు భారం లేదు, డాక్టరు చదువుకున్నవాడు. కాని ఆ వ్యవస్థ మొత్తం గేదె కొలతలకు కట్టింది. ఆవరణలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం ఉంటుంది. మూడు కిలోల షిట్జూ జాతి కుక్కను అందులో నిలబెడితే కింది గొట్టం కిందనుంచి నడిచి బయటికొస్తుంది. డాక్టరు పొద్దున్నే ఏదో పల్లెలో ఈనలేకపోతున్న గేదె దగ్గరికి వెళ్ళి ఉంటాడు, ఆ గేదె మీద ఒక కుటుంబం బతుకుతోంది కాబట్టి వెళ్ళడమే న్యాయం. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 2022లో మొదలైన ఆ ఏర్పాటు కూడా ముఖ్యంగా పాడిపశువుల కోసమే. గేదెకు చెవిలో పసుపుపచ్చ బిళ్ళ ఉంటుంది, దాని మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది, గాలికుంటు టీకా ఉచితం, బీమాకు సర్కారు సాయం ఉంటుంది. బ్రూనోకు రేషన్ కార్డు లేదు, ఆధార్ లేదు, ఆరోగ్యశ్రీ లేదు. ఇంటిపేరు మాత్రం ఉంది, అది కూడా ఇతనిదే.

దాంతో ప్రయాణం విశాఖకు. అనకాపల్లి దగ్గరే, పైగా 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం కూడా. కాని శునకజనకుడికి 'స్పెషలిస్టు' కావాలి, స్పెషలిస్టు అంటే వైజాగే. దూరం దాదాపు 60 కిలోమీటర్లు. రైల్లో కుక్కను మన పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఫస్టు ఏసీలో మొత్తం కూపే తీసుకోవాలి, లేకపోతే గార్డు పెట్టెలో వేయాలి. ఎలమంచిలిలో ఎక్కే పాసింజరుకు ఫస్టు ఏసీ ఎక్కడిది? బస్సు కండక్టరు కుక్క మొహమూ ఇతని మొహమూ చూసి తల అడ్డంగా ఊపుతాడు. కారు మాట్లాడాల్సిందే. కారువాడు రానూపోనూ కిరాయికి తోడు, సీటు మీద పరవడానికి దుప్పటి మీరే తెచ్చుకోవాలంటాడు. లంకెలపాలెం దగ్గర బ్రూనో వాంతి చేసుకుంటుంది, దుప్పటికి ఇవతల. స్టీల్‌ప్లాంటు వాళ్ళ షిఫ్టు వదిలే వేళకు కూర్మన్నపాలెం, దాని తర్వాత గాజువాక. క్లినిక్ చేరేసరికి వైద్యం మొదలవకముందే సగం బిల్లు రోడ్డు మీద అయిపోయి ఉంటుంది. ఎలమంచిలిలో పెంపుడు జంతువుల వైద్యం ఖరీదు గురించి మాట్లాడేవాళ్ళు డాక్టరును తిడతారు గాని, ఇందులో పెద్ద వాటా ఐదో నంబరు హైవేది. ఇప్పుడు దాన్ని పదహారో నంబరు అంటున్నారు. దూరం తగ్గలేదు.

క్లినిక్‌లో అటెండరు బయటికొచ్చి "బ్రూనో వాళ్ళ నాన్నగారెవరండీ?" అని పిలుస్తాడు. శునకజనకుడు చటుక్కున లేస్తాడు. సంతలో వంకాయల దగ్గర రెండు రూపాయలకు పోట్లాడే మనిషి ఇక్కడ ఒక్క మాట ఎదురాడడు. రక్తపరీక్ష అంటే సరే, స్కానింగ్ అంటే సరే, రాత్రి ఉంచాలంటే సరే. "ఇంకేమైనా పరీక్షలుంటే చేసేయండి డాక్టరుగారూ" అని తానే అంటాడు. ఈ మాట తర్వాత ఇంట్లో ఎప్పుడూ బయటపడదు.

ఏటికొప్పాక లక్కబొమ్మ మింగిన కుక్క సంగతి వేరే చెప్పాలి. ఆ బొమ్మల రంగులు ఆకుల నుంచీ, గింజల నుంచీ, బెరళ్ళ నుంచీ తీసినవి, విషభయం పెద్దగా లేదు. కాని లోపలున్నది కర్ర. కర్ర ఎక్స్‌రేలో సరిగా కనపడదు. కాబట్టి ఎక్స్‌రే తీసి, ఏమీ తేలక, స్కానింగ్ చేసి, ఏదో ఉందని తేలి, మత్తు ఇచ్చి పొట్ట కోయాలి. బొమ్మ ధర వంద. దాన్ని బయటికి తీయడానికి వేలల్లో. తీసిన బొమ్మను కడిగి షోకేసులో పెట్టుకునేవాడే అసలు సిసలు శునకజనకుడు.

బిల్లు చేతికొచ్చాక దానిలో జీఎస్టీ గీత కోసం వెతుకుతాడు, తిట్టుకోవడానికి వీలుగా. పశువైద్యశాలలో చేసే వైద్యసేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది, ఆ సంతోషం కూడా దక్కదు. నిజానికి ఆ అంకె అన్యాయమైనదేమీ కాకపోవచ్చు. పశువైద్యుడి చదువు ఐదున్నరేళ్ళు. ఎక్స్‌రే యంత్రానికి లోపల పడుకున్నది మనిషా కుక్కా అన్న తేడా తెలియదు, రెండింటికీ ధర ఒకటే. మనిషి వైద్యానికి సర్కారో, కంపెనీయో, బీమాయో ఎవరో ఒకరు వాటా పెడతారు. కుక్క వైద్యానికి జేబు ఒకటే, అందుకే అంత పెద్దగా కనిపిస్తుంది.

ఆ బిల్లుకు శునకజనకుడు మూడు అంకెలు ఉంచుకుంటాడు. ఇంట్లో చెప్పేది అసలులో సగం. టీకొట్టు దగ్గర చెప్పేది అసలుకు రెట్టింపు. అసలు అంకె ఫోన్‌పే చరిత్రలో ఉంటుంది, అది భార్యకు మొదటిరోజే తెలుసు. "కుక్కకి పద్దెనిమిది వేలు పెట్టారు గానీ, నా మోకాలి ఎక్స్‌రే వచ్చే నెలన్నారు" అని ఆవిడ అన్నప్పుడు సమాధానం చెప్పిన శునకజనకుడు ఇంతవరకూ లేడు.

డాలస్‌లో ఉన్న బావమరిది మాత్రం ఓదారుస్తాడు. అక్కడ కుక్క పన్ను పీకించాలంటేనే వెయ్యి డాలర్లట. బ్రిటన్‌లో పశువైద్యం ధరలు 2016, 2023 మధ్య 63 శాతం పెరిగాయని అక్కడి పోటీ వ్యవహారాల సంస్థే లెక్క తేల్చింది. అమెరికాలో 1982లో లాస్సీ అనే టీవీ కుక్కకు పాలసీ ఇవ్వడంతో మొదలైన కుక్కల బీమా ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. శునకజనకుడు ఆ పాలసీ కాగితం శ్రద్ధగా చదువుతాడు, బిల్లు కట్టి ఇంటికొచ్చిన రాత్రి. అప్పటికే ఉన్న జబ్బులకు వర్తించదన్న వాక్యం రెండో పేజీలో ఉంటుంది.

ఒక పార్వో, ఒక గోమారి జ్వరం దాటాక ఇతను తనే డాక్టరైపోతాడు. ఆ జ్వరానికి నాలుగు వారాలు వాడమన్న మాత్రను, కుక్క తోక ఊపింది కదా అని ఏడోరోజు ఆపేసి, మళ్ళీ వైజాగు కారు మాట్లాడుకున్నవాడు ఇతనే. అయినా వీధిలో ఎవరి కుక్క అన్నం మానేసినా ముందు పిలుపు ఇతనికే వస్తుంది, పసుపు-వాము బావగారి కుర్చీలో ఇప్పుడు ఇతను కూర్చుంటాడు. చెప్పే సలహాల్లో ఒకటి మాత్రం పనికొచ్చేది: టీకా కార్డు చూడకుండా పిల్లను కొనవద్దని.

ఆ కార్డులో ఒక గడి మాత్రం ఖర్చు లేకుండానే నిండుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ 1885 జులై 6న మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేశాడు. ఆ తేదీని జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినంగా జరుపుతారు, ఆ రోజు రాష్ట్రంలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఎలమంచిలివాళ్ళు కారు మాట్లాడనక్కర్లేదు, గొలుసు పట్టుకుని నడిచి వెళ్ళవచ్చు. మిగతా టీకాలకు డబ్బు కట్టాలి. పార్వో బిల్లు ముందు అది చిల్లర.