వంకర స్వామికి తిన్నని రోడ్డు

2020 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. మథుర జిల్లాలో కృష్ణ గోవర్ధన్ రోడ్డు వెడల్పు చేయాలి, అందుకు 2,940 చెట్లు అడ్డం, కొట్టేస్తాం అని. అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. కృష్ణుడి పేరు చెప్పి ఇన్ని చెట్లు కొట్టడమేమిటి, చెట్టు ఉన్నచోట రోడ్డే కాస్త పక్కకు తిరిగితే ఏం పోయింది, వేగం తగ్గి మనుషులైనా బతుకుతారు కదా అన్నారు. ఆయన అమాయకత్వం కాకపోతే! అక్కడి స్వామి పాదం దగ్గర ఒక వంకర, నడుము దగ్గర ఒక వంకర, మెడ దగ్గర ఒక వంకర పెట్టుకుని తరతరాలుగా పూజలందుకుంటున్నాడు. ఆయన్ని చూడబోయే దారి మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుండాలి. కారు ఎనభైలో పోవాలి. మధ్యలో కడిమి చెట్టొకటి తగలకూడదు.

చెట్టు కొట్టడానికి ఢిల్లీ దాకా ఎందుకెళ్ళారని మీకు అనుమానం రావచ్చు. భక్తితో కాదు. మథుర జిల్లా ‘తాజ్ ట్రపీజియం’ అనే 10,400 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఉంది. ఆగ్రాలోని పాలరాయి మసిబారకూడదని ఆ పరిధిలో పొగకు, గొడ్డలికి సుప్రీంకోర్టు కళ్ళెం వేసింది. అంటే, బృందావనంలో మిగిలిన చెట్లకు ఇవాళ కాపలా కాస్తున్నది మురళీధరుడు కాదు, ఆగ్రాలో నిద్రపోతున్న ముంతాజ్ బేగం. ఈ ముక్క భక్తకోటి పైకి చెప్పుకోదు.

కాపలా ఉన్నా దొంగలు ఊరుకుంటారా? 2024 సెప్టెంబరులో బృందావనం దగ్గర డాల్మియా ఫామ్స్‌లో 454 చెట్లు నేలకూలాయి. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, ఇన్ని చెట్లు నరకడం మనిషిని చంపడం కంటే ఘోరమని, చెట్టుకు లక్ష చొప్పున జరిమానా వేసింది. న్యాయమూర్తుల ఆగ్రహం నిజమైనదే. కానీ అక్కడ గజం ధర తెలిసిన పెద్దమనిషికి ఆ లక్ష శిక్షలా కనిపించదు, డెవలప్‌మెంట్ ఛార్జీల పక్కన ఇంకో పద్దులా కనిపిస్తుంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్ళను చూసి మన పెద్దలు తెగ బాధపడ్డారు. పాపం, వాళ్ళ కాలంలో కనీసం చెట్టుండేది.

మథుర, బృందావనాలున్న ఈ వ్రజభూమి వారసత్వం గురించి మాట్లాడమంటే ఎవరైనా గుళ్ళ లెక్క మొదలుపెడతారు. అక్కడి అసలు సంగతి గుడి కాదు. ద్వాదశ వనాలు, ఒక కొండ, ఒక నది, కాళ్ళకు అంటుకునే దుమ్ము. మధువనం, తాళవనం, కుముదవనం, బహుళావనం అంటూ 84 క్రోసుల పరిక్రమ సాగేది వనాల వెంబడే. ఆ దుమ్మును ‘బ్రజ్ రజ్’ అని నెత్తిన చల్లుకుంటారు, అందులో పొర్లుతారు. ఉద్ధవుడంతటి జ్ఞాని, గోపికల పాదధూళి తనమీద పడాలని, ఆ నేల మీద గడ్డిపోచగానో తీగగానో పుట్టాలని కోరుకున్నాడని భాగవతం. తొందరపడి ఇప్పుడు పుట్టాడంటే ఇంటర్‌లాకింగ్ టైల్స్ సందులో మొలిచి, మున్సిపాలిటీ చీపురుకు పోతాడు. దుమ్మును దేవుడన్న చోట దుమ్ము లేకుండా చేయడమే మన అభివృద్ధి. పరిక్రమ మార్గం మీద పొర్లుదండాలు పెట్టేవాళ్ళ పక్కనుంచి ఈ-రిక్షాలు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి. పుణ్యం ఇద్దరికీ సమానమేనట. మోకాళ్ళలోనే తేడా.

కొండ సంగతికొద్దాం. పులస్త్యుడి శాపం వల్ల గోవర్ధనగిరి రోజుకొక ఆవగింజంత తరుగుతుందని కథ. ఋషి కాబట్టి మర్యాదగా ఆవగింజతో సరిపెట్టాడు, క్రషర్ యజమాని కాదు కదా. వ్రజమండలంలోనే, పక్కనున్న రాజస్థాన్ వైపు, ఆదిబద్రి, కనకాచల్ కొండల్ని రాయికోసం తవ్వుతుంటే సాధువులు 500 రోజులకు పైగా ధర్నా కూర్చున్నారు. 2022 జూలైలో వాళ్ళలో ఒకాయన ఒంటికి నిప్పంటించుకుని కొద్దిరోజులకు చనిపోయాడు. అప్పుడు కదిలింది ఫైలు. ఈ ఒక్కచోట నాకు వెటకారం రావడం లేదు.

నది గురించి ఆ ఇబ్బంది లేదు. కాళీయుడు మడుగులో విషం కక్కాడని కృష్ణుడు పడగలమీద తాండవమాడి సముద్రానికి తరిమేశాడు. ఒక పాము, ఒక మడుగు, ఒక పూట పని. ఇప్పుడు వజీరాబాద్ బ్యారేజీ దాటితే చాలు, వేసవిలో యమునలో పారేది చాలావరకు రాజధాని మురుగే. నజఫ్‌గఢ్ కాలువ పడగల మీద ఎవరాడతారు? నురగలు పొంగే చోటు పేరు ‘కాళింది కుంజ్’ అని పెట్టుకున్న ఢిల్లీవాళ్ళ హాస్యప్రియత్వానికి మాత్రం దండం పెట్టాలి. ఆ నీళ్ళే మథుర విశ్రామ్ ఘాట్‌కు వస్తాయి. అక్కడ ‘చునరీ మనోరథ్’ అని ఒక మొక్కు. చీరలకు చీరలు ముడివేసి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నదికి చుట్టబెడతారు. ఒళ్ళంతా పుండైన తల్లికి పట్టుచీర కప్పి ఫొటో దిగే కొడుకుల్ని మన దగ్గరా చూశాం.

ఇంతలో ఎవరో లేస్తారు: “ఇదంతా ఔరంగజేబు వల్ల!” నిజమే, 1670లో కేశవదేవ్ ఆలయాన్ని కూల్చింది అతడే. గోవిందదేవుడు జైపూరుకు, శ్రీనాథుడు నాథద్వారకు, మదనమోహనుడు కరౌలీకి తరలిపోయిందీ ఆ కాలపు భయాల మీదే. అయితే 454 చెట్లు కొట్టిన రాత్రి అతగాడు ఖుల్దాబాద్ గోరీలోనే ఉన్నాడని నేను పూచీ పడగలను. కృష్ణుడు పుట్టిన చోటైన 13.37 ఎకరాల కోసం అలహాబాద్ హైకోర్టులో 18 దావాలు నడుస్తున్నాయి. ఆయన ఆవుల్ని మేపిన 84 క్రోసుల కోసం కోర్టుకెళ్ళిన వాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వెళ్ళిపోయిన దేవుళ్ళు మొగలాయీలు పోయినా తిరిగి రాలేదెందుకంటే, బహుశా వారాంతపు ట్రాఫిక్ చూసి ఉంటారు. 2012లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక ఢిల్లీ మొత్తం శనివారం ఉదయం భక్తిలో పడుతుంది.

గోవిందదేవుడి గుడి 1590లో ఆంబేరు రాజా మాన్‌సింగ్ కట్టించింది, ఎర్రరాతి కావ్యం. పై అంతస్తులు పోయి మొండెంలా నిలిచిన దాన్ని 1870లలో బాగు చేయించింది గ్రౌజ్ అనే ఇంగ్లీషు కలెక్టరు. 1874లో మథుర మ్యూజియానికి పునాది వేసిందీ ఆయనే. జిల్లా మీద లావుపాటి పుస్తకం కూడా రాశాడు. ఇంత చేశాక ఏమైంది? బులంద్‌షహర్ బదిలీ. మన పాలనా సంప్రదాయాలు ఎంత పురాతనమో చూడండి.

ఆ మ్యూజియంలో కనిష్క చక్రవర్తి ఉన్నాడు. మాట్ గ్రామంలో దొరికిన విగ్రహం. తల లేదు. కానీ కత్తి ఉంది, గద ఉంది, కాళ్ళకు బ్రహ్మాండమైన బూట్లున్నాయి. అభివృద్ధి సమీక్షలకు అధ్యక్షత వహించడానికి ఇంతకంటే అర్హుడు దొరకడు. బుద్ధుడికి మనిషి రూపం తొలుత దిద్దిన చోట్లలో మథుర ఒకటని, కంకాళీ తిప్పలో జైన స్తూపం బయటపడిందని అక్కడికెళితే తెలుస్తుంది. తెలుసుకుంటే ‘మా వారసత్వం’ అనే మాటలో ఇంకొందరికి చోటివ్వాల్సి వస్తుంది కాబట్టి, గైడు నేరుగా పేడా కొట్టుకు తీసుకెళతాడు.

బాంకే బిహారీ గుళ్ళో స్వామి ముందు తెర నిమిషనిమిషానికీ వేస్తూ తీస్తూ ఉంటారు. భక్తుడు కన్నార్పకుండా చూస్తే స్వామి ప్రేమకు లొంగి వెంట వెళ్ళిపోతాడని భయం. ఇప్పుడా భయం అక్కర్లేదు, కళ్ళన్నీ ఫోన్ల మీదే. 2022 జన్మాష్టమికి అక్కడ తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. జనం పెరిగారు, సందులు ఇరుకు, ఏదో చేయాల్సిందే, కాదనను. ఆ ‘ఏదో’ మాత్రం ప్రతి ఊళ్ళోనూ కారిడార్ అనే ఒకే ముద్దగా ఎందుకు తేలుతుంది? అయిదెకరాలు, 500 కోట్లు అన్నారు. స్వామి దాక్కుని ఆడుకున్నది కుంజ్ గలీల్లో అని పాటలు పాడుతూనే గలీలు కొలుస్తారు.

ఈ వ్యవహారమంతా సరిగ్గా అర్థం చేసుకున్నవి కోతులొక్కటే. కళ్ళజోడు లాక్కుని గోడెక్కి కూర్చుంటాయి. మామిడి రసం ప్యాకెట్ అందిస్తేనే వదుల్తాయి. నీదే తీసుకుని నీకే అమ్మడం! ఈ విద్య వాటికి ఎవరు నేర్పారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

మనం తక్కువ తిన్నామా? పుష్టిమార్గం అనే కృష్ణభక్తి సంప్రదాయాన్ని స్థాపించిన వల్లభాచార్యులు తెలుగింటి బిడ్డ. బృందావనంలో రంగ్‌జీ ఆలయం మన దక్షిణాది గోపురాలతో, గోదాదేవితో, బ్రహ్మోత్సవంతో 1851 నుంచి నిలిచి ఉంది. పోతన పుణ్యమా అని బృందావనం దారి మనకు చిన్నప్పుడే తెలుసు. అంత చుట్టరికం పెట్టుకుని మనం చేసేదల్లా ప్యాకేజీ టూరులో ఒక పూట దిగి, రెండు డబ్బాలు పేడా కట్టించుకుని, ఊరికొచ్చి తుమ్మచెట్టు కూడా లేని ప్లాట్లకు ‘బృందావనం’ అని బోర్డు పెట్టడం.

ఇంతకూ బృందావనానికి వనాలు తిరిగి వస్తున్నాయి, దిగులు పడకండి. 2014లో శంకుస్థాపన జరిగిన చంద్రోదయ మందిరం దాదాపు 700 అడుగుల ఎత్తు లేస్తుందట. దాని చుట్టూ ద్వాదశ వనాల నమూనా పెంచే ప్రణాళిక ఉంది. పన్నెండు వనాలూ ఒకే ప్రహరీలో, దారి వెంట దీపాలతో, చెప్పులరగకుండా. అసలైనవి 84 క్రోసులు చెల్లాచెదురుగా పడి ఉండేవి, పార్కింగ్ కూడా ఉండేది కాదు.